నేలకి తొమ్మిది సెంటీమీటర్ల ఎత్తున

మా వీధికి కొత్తగా వచ్చినవాళ్ళు వకుయి సదహారు ఇంటి ముందున్న కారును చూసి, నాలుగు టైర్లలోనూ ఒకేసారి గాలి ఎలా పోయిందని అడుగుతారు. గాలి పోలేదు. అది ఎప్పుడూ అలాగే ఉంటుంది. తెల్లటి సెడాన్, నాలుగు తలుపులు, ఇరవయ్యేళ్ళ కిందట పందేల పిచ్చి ఉన్న కుర్రాళ్ళు కలలుగన్న రకం. వకుయి దాన్ని సెకండ్ హ్యాండులో కొని, స్ప్రింగులు మార్పించి, పొట్ట నేలకి ఆనుతుందా అన్నంత కిందికి దించాడు. ఎండాకాలంలో అది వీధిలో వెళ్తుంటే నీళ్ళలో చేప జారినట్టుంటుంది. కాకపోతే మా షిబునైలో ఎండాకాలం మూడు నెలలు. నవంబరులో మొదలైన మంచు ఏప్రిల్ దాకా పోదు. మా హొక్కైదో దీవిలో ఇంతకన్నా ఎక్కువ మంచు పడే ఊళ్ళున్నాయి గానీ, ఆ ఊళ్ళవాళ్ళు కార్లను కిందికి దించుకోరు.

నాది ఆ ఇంటికి ఎదురుగా సెలూను. నా పేరు నెగోరో. వకుయి, నేను ఒకే బడిలో చదివాం, ఒకే బెంచీ మీద. కాబట్టి అతని కారు సంగతులు కొన్ని నా అద్దంలోంచి చూసినవి, కొన్ని నా కుర్చీలో కూర్చుని అతను చెప్పినవి, ఒకటి మాత్రం నేను స్వయంగా వెనక సీట్లో కూర్చుని అనుభవించింది.

వకుయి కట్టుడు పళ్ళు చేస్తాడు. డాక్టర్లు అచ్చు తీసి పంపిస్తే ఇంటి వెనక గదిలో కూర్చుని, గులాబీ రంగు చిగుళ్ళు పోసి, ఒక్కొక్క పన్ను నిలబెట్టి, అరగదీసి, మెరుగుపెట్టి పంపిస్తాడు. షిబునైలో అరవై దాటిన వాళ్ళలో సగంమంది అతని పళ్ళతోనే నవ్వుతారు. నెమ్మదైన మనిషి. ఎవరైనా గట్టిగా మాట్లాడితే తనే తప్పు చేసినట్టు తల దించుకుంటాడు. కారు విషయంలో తప్ప ఏ విషయంలోనూ అతను ఎవరితోనూ వాదించగా నేను చూడలేదు.

రెండేళ్ళకోసారి కారుకి తనిఖీ ఉంటుంది. కారు అడుగుకీ నేలకీ మధ్య తొమ్మిది సెంటీమీటర్లకి తగ్గకూడదని చట్టం. తనిఖీ చేసే ఆయన ఒక చెక్కముక్క తెచ్చి కిందికి దూర్చి చూస్తాడు. వకుయి కారు కింద ఆ చెక్క రాసుకుంటూ వెళ్తుంది, కానీ వెళ్తుంది. తనిఖీకి ముందు వకుయి డిక్కీలోంచి గొడుగు కూడా తీసి ఇంట్లో పెట్టి వెళ్తాడు. కాగితం మీద ముద్ర పడ్డాక నా సెలూనుకి వచ్చి, అవసరం లేకపోయినా గడ్డం గీయించుకుంటాడు. అది అతని పండగ.

ఒకసారి అడిగాను, ఎందుకురా ఇంత అవస్థ అని. అతను అద్దంలోంచి నావైపు చూశాడు.

"పళ్ళసెట్టులో ఒక పన్ను వెంట్రుకంత ఎత్తుగా ఉన్నా మనిషి నమల్లేడు. రోజంతా నా పని ఎత్తు తగ్గించడమేరా. అరగదీస్తా, చూస్తా, ఇంకాస్త అరగదీస్తా. సరిగ్గా కూర్చున్న రోజు ఆ ముసలాయన అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నావైపు ఒక చూపు చూస్తాడు. కారు కూడా రోడ్డు మీద అలా కూర్చోవాలి," అన్నాడు.

అతని ముఖంలో నవ్వు లేదు. నేనూ నవ్వలేదు. తర్వాత కత్తెర లోపల పెట్టడానికని వెనక గదిలోకి వెళ్ళి నవ్వుకున్నాను.

చలికాలం పొద్దున ఊరి మంచుబండి వీధి మధ్యలో మంచును తోసుకుంటూ పోయి, ఆ తోసినదంతా ఇళ్ళ గుమ్మాల ముందు గట్టులా వదిలిపెడుతుంది. మిగతావాళ్ళం ఆ గట్టును పారతో కాస్త కొట్టి దాని మీంచి కారు ఎక్కించి పోతాం. వకుయి అలా పోలేడు. అతను నేల కనిపించేదాకా తవ్వాలి. కారు వెడల్పు, కారు పొడవు, ఆపైన మలుపు తిరిగే జాగా. ఆరింటికి మొదలుపెడితే ఏడున్నర. ఈలోగా అతని భార్య ఫుసాయె తన చిన్న డబ్బా కారు తీస్తుంది. నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే కారు అది, నిలబెట్టిన అగ్గిపెట్టెలా ఉంటుంది. ఆమె శిశుశాలలో వంట చేస్తుంది. గట్టు మీంచి గెంతుతూ వీధిలోకి దిగి, అద్దం దించి, పార పట్టుకున్న మొగుడికి చెయ్యి ఊపి వెళ్ళిపోతుంది. పదిహేనేళ్ళుగా ప్రతి చలికాలమూ ఇదే.

ఆమె ఆ తెల్ల కారు ఎక్కడం మానేసి తొమ్మిదేళ్ళయింది. పిన్ని కూతురి పెళ్ళికి వెళ్తూ దారిలో పక్కకి జారి మంచుగోడకి అంటుకుపోయారు. ఆమె వైపు తలుపు తెరుచుకోలేదు. పెళ్ళి కిమోనోలో ఉన్న మనిషిని ఇద్దరు బాబాయిలు కిటికీలోంచి లాగారు. వాళ్ళలో ఒకాయన ఆ సంగతి పెళ్ళివిందులో మైకు పట్టుకుని చెప్పాడు. ఇంటికి వచ్చాక ఆమె ఒకే మాట అంది.

"అయిదు సెంటీమీటర్లు పైకెత్తించండి. ఎక్కుతాను."

"అయిదా," అన్నాడు వకుయి. ఆ పూట అన్నం తినలేదు.

ఇక బంపరు సంగతి. మంచు గట్టిపడ్డాక రోడ్డు మీద కార్ల చక్రాలకి రెండు చాళ్ళు పడతాయి, మధ్యలో మిట్ట లేస్తుంది. మామూలు కార్లు ఆ మిట్ట మీంచి పోతాయి. వకుయి కారు దాన్ని కొరుక్కుంటూ పోతుంది. రెండో చలికాలంలోనే ముందు బంపరు కింది పెదవి పగిలింది. కొత్తది కొనడం ఎందుకని అతను తన గదిలో ఉన్న చిగుళ్ళ ముద్ద కలిపి అతికించాడు. నున్నగా మెరుగు కూడా పెట్టాడు. మళ్ళీ పగిలింది, మళ్ళీ అతికించాడు. కొన్నేళ్ళకి ఆ తెల్ల కారుకి ముందంతా గులాబీ రంగు చిగురు వచ్చింది. తెల్లవాడికి ఎర్రపెదవి అని పిల్లలు పాటకట్టారు. వీధి చివరి తొమె మామ్మ, ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి, ఒకరోజు కర్ర ఆనించుకుని వంగి చూసి, "చిగుళ్ళు పెట్టినవాడివి పళ్ళు కూడా పెట్టరాదుట్రా సదా. బోసినోటితో ఊళ్ళో తిరుగుతోంది పాపం," అంది. వకుయి ఆ మాట గురించి రెండు రోజులు నిజంగానే ఆలోచించాడని నాకు తెలుసు. పళ్ళు మంచులో రాలిపోతాయని మానుకున్నాడు.

నేను చెప్పబోయేది ఈ తొమె మామ్మ పళ్ళ సంగతే.

ఏటా ఫిబ్రవరి రెండో ఆదివారం ఎగువ షిబునైలో పెద్దవాళ్ళ పాటల పోటీ జరుగుతుంది. మా ఊరి నుంచి ఇరవై మూడు కిలోమీటర్లు, లోయలోంచి పైకి. సముద్రం ఒడ్డున వలలు లాగేటప్పుడు పాడే పాటలు, మోపులు మోసేటప్పుడు పాడే పాటలు, అలాంటివి. తొమె మామ్మ అంతకుముందు ఆరేళ్ళూ పాడింది, ఆరేళ్ళూ చిన్న తువ్వాలు ఇచ్చి పంపేశారు. అది పాల్గొన్నవాళ్ళందరికీ ఇచ్చేదే. నేను చెప్పే ఏడు ఎలాగైనా గెలవాలని నవంబరు నుంచి సాధన చేసింది. వీధి వీధంతటికీ ఆ పాట కంఠతా వచ్చేసింది. నా దగ్గర జుట్టు కత్తిరించుకునేవాళ్ళు తెలియకుండా ఆ పాటకి తల ఊపేవాళ్ళు, అది మా పనిలో ప్రమాదం.

పోటీ ముందురోజు మధ్యాహ్నం ఆమె ఎండు సాల్మన్ ముక్క కొరికింది. పై పళ్ళసెట్టు నడిమికి రెండయింది. డాక్టరు చూసి నేరుగా వకుయికి పంపించాడు. అతికించడం పెద్ద పని కాదు గానీ గట్టిపడాలి, అరగదీయాలి, మెరుగుపెట్టాలి. పొద్దున పదింటికి గానీ కాదన్నాడు వకుయి. ఫుసాయె ఆ పోటీకి వచ్చేవాళ్ళకి చారు కాచే బాధ్యత తీసుకుంది, అందుకని ఎనిమిదింటికే బయల్దేరాలి. మామ్మను తనతో తీసుకెళ్ళేటట్టు, పళ్ళు పదిన్నర బస్సులో వకుయి తెచ్చేటట్టు అనుకున్నారు. మామ్మ పాట పన్నెండు గంటలకి. అంతా సరిపోయింది.

ఆదివారం తొమ్మిదింటికి మంచు మొదలైంది. గాలి లేదు, చప్పుడు లేదు, దూది తెగిపోయినట్టు పడింది. పదింటికి నా గుమ్మంలో చీలమండ పైదాకా ఉంది. వకుయి బస్సు కంపెనీకి ఫోను చేస్తే, ముందు వెళ్ళిన బస్సే కొండ మొదట్లో ఆగిపోయిందనీ, మంచుబండి ఆసుపత్రి రోడ్డు తోయడానికి పోయిందనీ, అది వచ్చేదాకా ఏ బస్సూ పైకి వెళ్ళదనీ చెప్పారు.

అతను రోడ్డు దాటి నా సెలూనుకి వచ్చాడు. చేతిలో చిన్న డబ్బా. నేను ఖాళీగా ఉన్నాను, ఆ మంచులో జుట్టు కత్తిరించుకోవడానికి ఎవరొస్తారు.

"నీ బరువెంతరా?" అని అడిగాడు.

"ఎందుకు?"

"వెనక చక్రాలతో నడిచే కారు. వెనక బరువుండాలి. డిక్కీలో ఇసుక మూటలు రెండు వేశా. చాలవు."

తొంభై నాలుగు కిలోలని చెప్పాను. అతని ముఖం వెలిగిపోయింది. నా బరువు విని ఎవరైనా అలా సంతోషించడం అదే మొదటిసారి, ఆఖరుసారి కూడా.

వెనక సీటు మధ్యలో కూర్చోబెట్టాడు. పళ్ళ డబ్బా నా చొక్కా లోపల, బనీనుకి ఆనించి పెట్టుకోమన్నాడు. చల్లబడిన పళ్ళు నోట్లో పెట్టుకుంటే మామ్మ గొంతు బిగుసుకుంటుందట. ఇంకా, అతను ఎడమ అంటే ఎడమకి జరగాలి, కుడి అంటే కుడికి జరగాలి. సీటుబెల్టు ఎలా అని అడిగితే, వదులుగా పెట్టుకోమన్నాడు.

ఊరు దాటేదాకా బాగానే ఉంది. ఆ కార్లో కూర్చుంటే రోడ్డు మీద పిరుదులు ఆనించి కూర్చున్నట్టుంటుంది. కొత్త మంచు తేలిగ్గా, పొడిగా ఉంది. గులాబీ పెదవి దాన్ని రెండు పక్కలకీ చీల్చుకుంటూ పోతోంది. అద్దాల బయట రెండు వైపులా తెల్లటి రెక్కలు లేచాయి. అవి పైకి లేచి కాసేపటికి బానెట్టు మీద కూడా పడ్డాయి, తర్వాత ముందు అద్దం మీద పడ్డాయి. అప్పుడిక ఏమీ కనిపించలేదు. వకుయి కారు ఆపి, దిగి, చేతులతో మంచంతా తోసేసి, ఎక్కి, మళ్ళీ నడిపాడు. కిలోమీటరుకి ఒకసారి ఇలా. దిగిన ప్రతిసారీ వంగి పెదవిని తడిమి చూసేవాడు.

"ఎడమ," అనేవాడు మలుపులో. నేను జరిగేవాణ్ణి. "కుడి. చాలు. ఊపిరి బిగబట్టకురా, బరువు పెరగదు."

కొండ మొదట్లో బస్సు కనిపించింది. పక్కకి ఆపుకుని, లోపల దీపాలు వేసుకుని ఉంది. కిటికీల్లోంచి ముసలివాళ్ళు ముఖాలు ఆనించి చూస్తున్నారు, వాళ్ళలో కొందరు పాటల పోటీ బట్టల్లో ఉన్నారు. ఒకాయన నెత్తికి చేపలవాళ్ళ గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. డ్రైవరు కుబొదెరా. ముప్ఫై ఏళ్ళుగా ఆ బస్సు నడుపుతున్న మనిషి, తెల్ల చేతితొడుగులు, గుండీలన్నీ పెట్టుకున్న కోటు. రూలు దాటి ఒక్కసారి కూడా హారను కొట్టి ఉండడని పేరు. మేం అతని పక్కనుంచి వెళ్తుంటే తల తిప్పి చూశాడు. తన బస్సులో సగం ఎత్తు కూడా లేని కారు కొండెక్కుతుంటే ఆయనకేమనిపించిందో ముఖం చూస్తే తెలియలేదు. ఆ ముఖం చూస్తే ఎప్పుడూ ఏమీ తెలియదు.

రెండు కిలోమీటర్లు పోయాక వెనక అద్దంలోంచి చూస్తే బస్సు వస్తోంది.

మూడో కిలోమీటరు, నాలుగోది బాగానే గడిచాయి. ఆ పైన పాలకేంద్రం దగ్గర, గాలి ఎప్పుడూ మంచును తెచ్చి పోసే చోట, కారు ముందుకి పోతూ పోతూ మెల్లగా పైకి లేచింది. లేవడం నాకు వీపులో తెలిసింది. తర్వాత ఆగింది. వకుయి గేరు వేశాడు, వెనక చక్రాలు బుయ్యిమని తిరిగాయి, కారు కదల్లేదు. పొట్ట మంచు మీద ఆనింది, నాలుగు చక్రాలూ గాల్లో ఉన్నట్టే. మావైపు దీన్ని తాబేలు కావడం అంటారు.

"ఎడమకి జరగనా?" అన్నాను.

"ఇప్పుడు ఎటైనా జరుగు," అన్నాడు వకుయి. ఆ గొంతు విని జాలేసింది.

బస్సు మా వెనక ఆగింది. కుబొదెరా దిగి, చేతితొడుగులు సర్దుకుంటూ వచ్చి, కారు చుట్టూ ఒకసారి నడిచాడు. తర్వాత ఆ మనిషి, గుండీలన్నీ పెట్టుకున్న ఆ మనిషి, మంచులో మోకాళ్ళ మీద కూర్చుని కారు కిందికి చూశాడు.

"ఎంత ఎత్తు?" అని అడిగాడు.

"తొమ్మిదండీ."

"తనిఖీ అయినప్పుడా, ఇప్పుడా?"

"ఎప్పుడూ తొమ్మిదేనండీ."

కుబొదెరా తల ఊపాడు. ఆ ఊపులో మర్యాద ఉంది. వకుయి చేతులు కట్టుకుని, దారికి అడ్డం పడ్డందుకు క్షమించమన్నాడు, కారు పక్కకి తీయగానే బస్సు ముందు వెళ్ళొచ్చన్నాడు. కుబొదెరా లేచి మోకాళ్ళ మంచు దులుపుకున్నాడు.

"నేను ముందు వెళ్ళనండీ. తొయ్యని రోడ్డు మీదికి బస్సు తీసుకెళ్ళకూడదని మా రూలు. ఇక్కడిదాకా మీరు తోశారు కాబట్టి వచ్చాను. ఏ బండితో తొయ్యాలో రూల్లో రాయలేదు. మీరు ముందు నడిస్తే వస్తాను, లేకపోతే ఇక్కడే ఉంటాను."

అలా అనేసరికి బస్సులోంచి ముసలివాళ్ళందరూ దిగారు. పద్నాలుగు మంది. దిగిన ప్రతివాళ్ళూ ఒక సలహా తెచ్చారు. చక్రాల కింద బూడిద వెయ్యమని ఒకాయన, ఉప్పు వెయ్యమని ఇంకొకాయన, కారును బోర్లా తిప్పితే పైన నున్నగా ఉంటుంది కాబట్టి జారుకుంటూ పోతుందని ఒకావిడ. వకుయి ఆవిడకి కూడా సరేనండీ ఆలోచిస్తానండీ అని బదులు చెప్పాడు. ఉన్న పార ఒక్కటే. మిగతావాళ్ళు చేటతో, గొడుగుతో, ఒకావిడ పోటీలో తాళానికి తెచ్చుకున్న చెక్కలతో కారు కింద మంచు గోకారు. ఊపు కోసం నెత్తి గుడ్డాయన వల లాగే పాట ఎత్తుకున్నాడు, పోటీలో పాడాల్సిన పాట. అందరూ వంత పాడారు. కారు చుట్టూ వంగి గోకుతూ ఆ పద్నాలుగు మంది పాడుతుంటే, దూరం నుంచి చూసేవాళ్ళకి ఒడ్డుకి కొట్టుకొచ్చిన తిమింగలాన్ని కోస్తున్నట్టు ఉండి ఉంటుంది.

నన్ను దిగమని ఎవరూ అనలేదు. బరువు అవసరమని వకుయి అందరికీ చెప్పాడు. నేను చొక్కాలో పళ్ళతో లోపల కూర్చుని, కిటికీలోంచి కనిపించిన ప్రతి ముసలి మనిషికీ వంగి నమస్కరించాను.

చక్రాల కింద గడ్డిచాప వేసి అందరూ తోశారు. కుబొదెరా కూడా భుజం పెట్టాడు. కారు ఒక్కసారిగా కదిలి ముందుకి పోయింది. వెనక ఇద్దరు బోర్లా పడి నవ్వుకుంటూ లేచారు. మిగతా దారంతా మేం ముందు, బస్సు వెనక. పెదవి ఎక్కడో విరిగి ఒక ముక్క పోయింది. వకుయి ఆ చప్పుడు విన్నాడు, ఆగలేదు.

ఎగువ షిబునై హాలు ముందు ఆపేసరికి పన్నెండుంపావు. వకుయి నా చొక్కాలోంచి డబ్బా లాక్కుని, బూట్లు విప్పి చేత్తో పట్టుకుని లోపలికి పరిగెత్తాడు. నేను వెళ్ళేసరికి అతను గుమ్మంలోనే నిలబడిపోయి ఉన్నాడు. తొమె మామ్మ వేదిక దిగుతోంది. చేతిలో బహుమతి కాగితం, పక్కన ఇద్దరు మోస్తున్న ఉల్లిపాయల మూట. మొదటి బహుమతి.

ఏం జరిగిందో ఫుసాయె తర్వాత చెప్పింది. వరసలో మామ్మ ముందు పాడవలసిన నలుగురూ బస్సులోనే ఉండిపోయారు కాబట్టి ఆమెను పదకొండున్నరకే పిలిచారు. పళ్ళు రాలేదు, ఆగుతాం అని ఫుసాయె అంటే మామ్మ ఆగలేదు. పై పళ్ళు లేకుండానే పాడింది. ప్రతి స దగ్గరా ఈల వచ్చింది, ప్రతి చరణం చివరా గాలి బుస్సుమంది. న్యాయనిర్ణేతల్లో పెద్దాయన, రిటైరైన సంగీతం మాస్టారు, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడట. ఒడ్డు గాలిని గొంతులో పలికించే ఆ పాత పద్ధతి తన చిన్నతనంలో విన్నాననీ, ఇక అది పోయిందనుకున్నాననీ అందరికీ వివరించి చెప్పాడట. బస్సు ఇక రాదనుకుని బహుమతులు కూడా అప్పుడే ఇచ్చేశారట.

మామ్మ వకుయి చేతిలో డబ్బా తీసుకుంది. గోడవైపు తిరిగి పళ్ళు పెట్టుకుని, రెండుసార్లు టకటకలాడించి, ఇటు తిరిగింది.

"ఒరే సదా, నువ్వు గంట ముందొచ్చుంటే నాకు మళ్ళీ తువ్వాలే ఇచ్చేవాళ్ళు," అంది.

వకుయి తల దించుకున్నాడు. ఆ కొండ, ఆ మంచు, ఆ పెదవి ముక్క, అన్నీ దేనికన్నట్టు చెప్పుల అరల పక్కన నిలబడ్డాడు. అంతలో మామ్మ బుగ్గ పట్టుకుని, ఎడమవైపు ఏదో తగులుతోందంది. అంతే, మనిషి మారిపోయాడు. జేబులోంచి, ఎత్తుగా ఉన్న పన్ను మీద మరక పడేసే నీలం కాగితం తీసి కొరకమన్నాడు, వెలుతురుకి పట్టి చూశాడు, ఇంకో జేబులోంచి చిన్న ఆకురాయి తీసి చెప్పుల అర మీదే కూర్చుని అరగదీశాడు. రెండుసార్లు. మూడోసారి మామ్మ ఫుసాయె చేతిలోంచి ఊరగాయ ముల్లంగి ముక్క తీసుకుని కరకరా నమిలి, అతనివైపు చూసింది. అతనికి అదే చాలు.

ఒకటే ఇబ్బంది వచ్చింది. రికార్డు చేసుకుంటామని మాస్టారు మామ్మను మళ్ళీ పాడమన్నాడు. ఈసారి పళ్ళతో పాడింది. స అంటే స అని పలికింది. మాస్టారు చాలాసేపు తల వంచుకుని విని, పాపం అలసిపోయారు, అన్నాడు. బస్సువాళ్ళందరినీ ఆలస్యంగా పాడించారు గానీ, మంచులో కారు తవ్వుతూ పాడిన గొంతులు కాబట్టి ఒక్కరికీ స్వరం లేవలేదు.

ఫుసాయె చారు గిన్నె మొగుడికి ఇచ్చి, బయటికి వెళ్ళి చూసి వచ్చింది. అప్పటికింకా ఊరి మంచుబండి రాలేదు. లోయ కిందిదాకా ఒకే వెడల్పున, ఇస్త్రీ చేసినట్టు రోడ్డు పడి ఉంది.

"ఎవరు తోశారండీ?" అని అడిగింది.

"నేనే," అన్నాడు వకుయి.

ఆమె ఇంకో గరిటె చారు పోసింది. ముల్లంగి కన్నా మాంసం ముక్కలే ఎక్కువగా పడేటట్టు పోసింది, నేను చూశాను. నా గిన్నెలో అలా పడలేదు. కారు ఎత్తు సంగతి మాత్రం ఆ రోజు గానీ ఆ తర్వాత గానీ ఆమె ఎత్తలేదు, ఆ కారు ఎక్కనూ లేదు.

తర్వాత నెలలో ఒక మంగళవారం కుబొదెరా నా సెలూనుకి వచ్చాడు. ఆయన ఎప్పుడూ బస్టాండు పక్క సెలూనులోనే కత్తిరించుకుంటాడు. కూర్చుని, గుడ్డ కప్పించుకుని, కాసేపు వాతావరణం మాట్లాడి, ఆ వకుయిగారు స్ప్రింగులు ఎక్కడ మార్పించారో మీకేమైనా తెలుసా అని అడిగాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఊరికే అడుగుతున్నానన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా అంత ఎత్తున కూర్చుని నడుపుతున్నాను కదండీ, కింద ఎలా ఉంటుందో అని, అన్నాడు.

జూన్‌లో నల్ల సెడాన్ కొన్నాడు. జులైలో కిందికి దించాడు. తనిఖీకి వెళ్ళేటప్పుడు వకుయి కూడా తోడు వెళ్ళాడు, పరీక్షకి వెళ్ళే కొడుకు వెంట తండ్రి వెళ్ళినట్టు. నవంబరులో మంచు పడ్డాక మా ఊళ్ళో తాబేళ్ళు రెండయ్యాయి.

డిసెంబరులో కుబొదెరా భార్య యసుయో మా వీధికి వచ్చింది. ఇల్లు అడిగి తెలుసుకుని ఫుసాయె తలుపు తట్టింది. మీ ఆయన మా ఆయనకి ఏం మందు పెట్టాడండీ అని గుమ్మంలోనే అడిగిందట. ఫుసాయె లోపలికి రమ్మని టీ ఇచ్చింది. మధ్యాహ్నం వచ్చిన మనిషి చీకటిపడ్డాక వెళ్ళింది. రోడ్డు ఇవతల నాకు నవ్వులు వినిపించాయి గానీ మాటలు వినపడలేదు. తలుపు తెరిచి చెవి ఒగ్గాను కూడా. అప్పటినుంచి మంచు బాగా పడిన ఆదివారాల్లో ఆ ఇద్దరూ డబ్బా కారులో కొండ వెనక వేడినీళ్ళ బుగ్గకి పోవడం మొదలుపెట్టారు.

జనవరిలో ఒక ఆదివారం మగవాళ్ళిద్దరూ కార్లు తీశారు. నన్ను బరువుకి పిలిచారు, పోతూ వకుయి కారులో, వస్తూ కుబొదెరా కారులో అని ఒప్పందం. పాలకేంద్రం మలుపులో వకుయి తాబేలయ్యాడు. కుబొదెరా తాడు కట్టి లాగబోయి తనూ తాబేలయ్యాడు. నల్ల కారు, తెల్ల కారు, మధ్యలో తాడు. తాడు ఎవరు ముందు విప్పాలనే దాని మీద వాళ్ళిద్దరూ ఒకరికొకరు మర్యాద చేసుకుంటూ ఉండగా డబ్బా కారు వచ్చి ఆగింది. అద్దం దిగింది. ఇద్దరు ఆడవాళ్ళూ స్నానం చేసి ఎర్రగా, నెత్తిన తువ్వాళ్ళు చుట్టుకుని ఉన్నారు.

"సాయం కావాలా?" అంది ఫుసాయె.

"అక్కర్లేదు, అంతా బానే ఉంది," అన్నారు మగవాళ్ళిద్దరూ ఒకేసారి.

యసుయో కిటికీలోంచి ఒక కాగితం పొట్లం అందించింది. బుగ్గ నీళ్ళలో ఉడికించిన గుడ్లు, ఇంకా వేడిగా ఉన్నాయి. డబ్బా కారు మా పక్కనుంచి మంచు గట్టు మీదెక్కి, దిగి, వెళ్ళిపోయింది.

గుడ్లు నాలుగు, మేం ముగ్గురం. తలొకటి తిన్నాం. నాలుగోదాన్ని రెండు కార్ల మధ్య మంచు మీద పెట్టి, ఎవరి కారు ముందు బయటపడితే వాళ్ళదన్నాడు కుబొదెరా. వకుయి సరేనన్నాడు. ఇద్దరూ పారలు అందుకుని చెరోవైపు తవ్వడం మొదలుపెట్టారు. కాసేపు చూసి నేనే తినేశాను. రెండు కార్లూ బయటపడేసరికి సాయంత్రమైంది. అప్పటిదాకా ఉంచితే గుడ్డు రాయి అయిపోయేది.